పెద్దల పళ్ళెంలో ఉప్పు

జరగండి, జరగండి. ముందు కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుంటే వెనకవాళ్ళకి కాస్త చోటు దొరుకుతుంది. ఆ మూల గుసగుసలు ఆపండమ్మా. మీ పొరుగింటి కోడలి సంగతి రేపు మాట్లాడుకోవచ్చు, ఇవాళ యుఫీమా కోడలి సంగతి వినండి. పోయిన వారం ఆ ఇంటిని ఎక్కడ వదిలేసి లేచామో గుర్తుందిగా. కొత్త పడవ ఒడ్డున ఊతల మీద నిలబడి ఉంది. పెద్దల పళ్ళెం రాత్రంతా బల్ల మీద ఉంది. ఇప్పుడు తెల్లారింది.

యుఫీమా పళ్ళెంలోంచి కందులతో కలిపి చిటికెడు మొక్కజొన్న సంకటి తీసి నోట్లో వేసుకుంది. వేసుకుని, నమలకుండా అలాగే ఆగిపోయింది.

"ఉప్పు," అంది.

పెద్దగా అనలేదు. యుఫీమా అరిస్తే కొబ్బరికాయలు రాలతాయని లామర్ బే ఊరంతా చెప్పుకుంటుంది. ఆ అరుపుకి ఎవరూ భయపడరు, కాయలు ఏరుకోవచ్చు. ఆవిడ మెల్లగా మాట్లాడినప్పుడే అందరికీ భయం.

కోడలు వెర్లిన్ గుమ్మంలో నీళ్ళ బొక్కెన పట్టుకుని నిలబడిపోయింది. బొక్కెన కింద పెట్టాలని కూడా తోచలేదు.

"ఏంటమ్మా?" అంది ఆడపడుచు డెల్సీ, జుట్టు ముడేసుకుంటూ లోపలికొస్తూ.

"పళ్ళెంలో ఉప్పుంది."

డెల్సీ చేతులు జుట్టులోనే ఉండిపోయాయి.

ఆ ఊళ్ళో కొత్త పడవ నీళ్ళలోకి దిగే ముందు పోయిన పెద్దలకి పెట్టాలి. సంకటి, కందులు, కోడి, పక్కన గ్లాసుడు నీళ్ళు. అన్నీ చప్పిడివే. ఉప్పు తిన్న ఆత్మ నేలకి అతుక్కుపోతుంది. ఓడల్లో గొలుసులేసి తెచ్చిన తాతముత్తాతల్లో ఉప్పు ముట్టనివాళ్ళు రెక్కలు లేకుండానే సముద్రం మీదుగా ఆఫ్రికాకి ఎగిరిపోయారు. దొర పంచిన ఉప్పు చేప తిన్నవాళ్ళు ఒళ్ళు బరువెక్కి, ఆ దొర తోటల్లోనే పత్తి ఏరుతూ ఉండిపోయారు. ఈ సంగతి కరీబియన్ సముద్రంలోని ఆ కరియాకు దీవిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

"వండిందెవరు?" అంది యుఫీమా.

"నేనే వండాను," అంది డెల్సీ. "నువ్వు పక్కనే నిలబడి, నా తిప్పడం బాలేదని తిట్టావు కూడా. ఉప్పు డబ్బా ముందే అటకెక్కించావు. నిచ్చెనేసుకుని ఎక్కి మరీ వేస్తానా?"

"పడవకి నాన్న పేరు పెట్టొద్దన్నది నువ్వేగా."

"అన్నాను. మునిగినాయన పేరు తేలేదానికెందుకు అన్నాను. అంత మాత్రాన నాన్న తిండిలో ఉప్పేస్తానా?"

"నోరు ముయ్యి."

డెల్సీ నోరు మూసుకుంది. ఆ పిల్ల పుట్టాక ఒక్క మాటకే నోరు మూసుకోవడం అదే మొదలు.

యుఫీమా బల్ల ముందు కూర్చుంది. పళ్ళెం మీద గుడ్డ కప్పింది, దీపం ఆర్పింది. అప్పుడు చెప్పింది.

"రాత్రి మీ నాన్న వచ్చాడు."

యుఫీమా మొగుడు గిడియన్ పోయి ఏడాది దాటింది. పెద్ద తుఫానులో పడవతో సహా పోయాడు. ఆ తుఫాను మామూలుది కాదు. చర్చి కప్పు ఎత్తుకెళ్ళి పక్క దీవిలో మేకల పాక మీద బోర్లించింది. ఆ మేకలు అప్పట్నుంచీ ఆదివారం పూట మేత ముట్టవని చూసొచ్చినవాళ్ళే చెప్పారు. చర్చి కప్పు దొరికింది గానీ గిడియన్ దొరకలేదు. పాతిపెట్టడానికి చొక్కా గుండీ కూడా దొరకలేదు.

"గుమ్మంలో నిలబడ్డాడు," అంది యుఫీమా. "ఇదిగో, ఈ పిల్ల నిలబడ్డ చోటే."

వెర్లిన్ ఒక అడుగు పక్కకి జరిగింది.

"ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. రా, కూర్చో అన్నాను. కాలెత్తబోయాడు. లేవలేదు. రెండో కాలెత్తబోయాడు. అదీ లేవలేదు. నా వంక చూశాడు."

"కోపంగానా?" అంది డెల్సీ.

"కోపమైతే నాకు అలవాటే. ఆయన భయపడుతున్నాడే."

బయట ఒడ్డు వైపు నుంచి డప్పులు మొదలయ్యాయి. పీపా చెక్కల మీద మేకతోలు బిగించిన డప్పులు. మామూలుగా ఆ చప్పుడు వింటే వెర్లిన్ కాళ్ళు వాటంతటవే ఆడతాయి. ఇవాళ నేలకి అతుక్కుపోయినట్టున్నాయి.

"అత్తయ్యా," అంది. బొక్కెన కింద పెట్టింది. మళ్ళీ అంది. "అత్తయ్యా, నేను..."

"నిన్నడగలేదు. పళ్ళెం ఉన్న గదిలోకి రానని మాటిచ్చావు. మాట తప్పే రకానివి కావు, ఆ మాత్రం నాకు తెలుసు."

ఆ నమ్మకం చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఆ మాట ఎందుకు తీసుకుందో ఊరందరికీ తెలుసు. వెర్లిన్‌ది పెద్ద దీవి, గ్రెనడా. దొరల కాలంలో ఆమె ముత్తాత ఒక దొర తోటలో ఉప్పు చేపల గదికి కాపలా. తాళంచెవి మొలకి కట్టుకుని తిరిగేవాడు, వారానికోసారి ఉప్పు చేప పంచేవాడు. గది కూలిపోయింది, దొర పోయాడు, ముత్తాత పోయాడు. పేరు మాత్రం పోలేదు. పెళ్ళైన రోజే ఎవరో అననే అన్నారు, ఉప్పు గది వాళ్ళ పిల్లని తెచ్చుకున్నారని.

"పడవ ఆపేద్దామా?" అంది డెల్సీ.

"ఎలా ఆపుతావు? గొర్రెల్ని కోసేశారు. నాలుగు దీవుల జనం వచ్చి కూర్చున్నారు. ఇవాళ్టి పోటు తప్పితే మళ్ళీ అన్ని నీళ్ళు ఒడ్డుకి రావాలంటే పున్నమి దాకా ఆగాలి. ఆపి ఏం చెప్పను? మా ఇంటి పెద్దలకి మేమే సంకెళ్ళు వేశామని చెప్పనా?"

"మరి అన్నయ్యకి?"

"వాడికి చెప్పారంటే నాలుక కోస్తాను." ఈసారి ఇంకా మెల్లగా అంది. "భయపడ్డ చెయ్యి గొడ్డలిని సరిగ్గా పట్టదు. ఫిలిబర్ట్ కాలు ఎలా పోయిందో మీకు తెలుసు."

తెలుసు. పడవని దింపడమంటే తోసెయ్యడం కాదు. ఒక పక్క ఊతల్ని వరసగా నరుక్కుంటూ పోవాలి. అవతలి పక్క నుంచి ఊరంతా తాళ్ళు పట్టి ఆపుతుంటే, పడవ బద్ధకంగా ఆవు పడుకున్నట్టు పక్కకి ఒరగాలి. నరికేవాడు పడవ పొట్ట కిందే ఉంటాడు. ఆఖరి ఊత తెగగానే జారుకుని బయటపడాలి. ఫిలిబర్ట్ జారుకున్నాడు, ఒక కాలు తప్ప. ఇవాళ ఆ పొట్ట కిందికి వెళ్ళేది లిస్టన్. యుఫీమాకి ఒక్కడే కొడుకు. వెర్లిన్‌కి మొగుడు.

"డెల్సీ, ఆ పళ్ళెం వండిన చేత్తో నువ్వు తాడు ముట్టుకోకు," అంది యుఫీమా లేస్తూ.

"అమ్మా, ఇంటివాళ్ళు తాడు పట్టకపోతే ఊరేమనుకుంటుంది?"

"అనుకోనీ."

*

నీళ్ళ తొట్టి దగ్గర డెల్సీ మొహం కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"నేను వెయ్యలేదు," అంది. "అమ్మ వెయ్యదు. ఇంక మిగిలింది నువ్వూ, పిల్లీ. పిల్లికి చిటికెలో పట్టడం రాదు."

వెర్లిన్ ఆప్రాన్ జేబులో వేళ్ళు పెట్టింది. చిన్న గుడ్డ మూట తగిలింది. గిడియన్ ఉన్నప్పటి నుంచీ అది అక్కడే ఉంది.

కాళ్ళు వాస్తున్నాయని యుఫీమా ఆయనకి ఉప్పు మాన్పించేసింది. చప్పిడి కందులు ముందు పెట్టుకుని ఆయన చంటిపిల్లాడిలా కూర్చునేవాడు. యుఫీమా అటు తిరగగానే పళ్ళెం వెర్లిన్ వైపు జరిపేవాడు. చిటికెడమ్మాయ్, మీ అత్త చూడకుండా, అనేవాడు. ఉప్పు గది వాళ్ళ పిల్ల కాబట్టి నీ చేతి ఉప్పు రుచే వేరు అని నవ్వేవాడు. ఆ మాట నవ్వుతూ అన్నది ఊరు మొత్తంలో ఆయనొక్కడే.

నిన్న సాయంత్రం గాలికి దీపం రెపరెపలాడుతోందని కిటికీ మూయడానికి గదిలోకి వెళ్ళింది. అంతే, ఇంకేమీ అనుకోలేదు. పళ్ళెం చూసింది. చప్పిడి కందులు చూసింది. వేళ్ళు వాటంతటవే జేబులోకి వెళ్ళాయి. వేశాక గానీ ఏం వేసిందో తెలియలేదు. తెలిశాక తియ్యడానికి పళ్ళెం ముట్టుకోవాలంటే చెయ్యి రాలేదు.

"ఎందుకు వదినా?" అంది డెల్సీ.

"మామయ్యకి చప్పిడి సహించదు."

డెల్సీ ఆమె వంక చూసింది. నవ్వొచ్చినట్టుంది, అంతలోనే ఏడుపొచ్చినట్టుంది. రెండూ మింగేసింది.

"అమ్మకి ఇదే మాట చెప్పి చూడు. మధ్యాహ్నం పడవకి నిన్ను మీ దీవికి పంపేస్తుంది. నువ్వు వేసింది చిటికెడే అయినా, ఊళ్ళో అది గోనెసంచెడు అవుతుంది. ముత్తాత తాళంచెవి కూడా నీ మొలకే వేలాడదీస్తారు."

"లిస్టన్‌కి చెప్పేస్తాను."

"చెప్పు. వణుకుతూ గొడ్డలి పట్టుకుంటాడు."

"చెప్పకపోతే?"

డెల్సీ ఒడ్డు వైపు చూసింది.

"నాన్న కాళ్ళు లేవకుండా ఇక్కడే ఉండిపోయాడనుకో," అంది. "ఎక్కడుంటాడు? ఆయన పెంచిన చెట్లతో చేసిన పడవ దగ్గరే ఉంటాడు. ఆ కిందే." గౌను అంచుతో మొహం తుడుచుకుంది. "నేను నోరు విప్పను వదినా. కానీ అన్నయ్య ఆఖరి ఊత దగ్గరికి వెళ్ళేదాకానే. ఆ తర్వాత నా నోటికి నేను పూచీ కాదు."

*

ఒడ్డున ఆ పూట నేల కనపడలేదు, మనుషులే కనపడ్డారు. పడవకి జెండాలు కట్టారు. దాని ముక్కు మీద గొర్రె రక్తం ఇంకా తడిగా ఉంది. తెల్ల పాదిరి సీసాతో పవిత్ర జలం చల్లేసి, గొర్రె సంగతి తను చూడనట్టు గొడుగు కిందికి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన చల్లిన చోటే మగాళ్ళు మళ్ళీ రమ్ము చల్లారు. ఆ రమ్ము ఎంత ఘాటంటే, కింద పడ్డ చుక్కకి ఎండ్రకాయ ఒకటి తూలుకుంటూ ముందుకి నడిచింది.

యుఫీమా గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకొచ్చింది. పడవ నీళ్ళలో తేలాక దాన్ని సముద్రంలో వదిలెయ్యాలి. సముద్రపు ద్రాక్ష చెట్టు నీడలో దాన్ని దించింది. అక్కడ ఫిలిబర్ట్ కొయ్యకాలు చాపుకుని కూర్చున్నాడు.

"దీన్ని ఎవరూ ముట్టుకోకుండా చూడు," అంది.

"నేనుండగా ఎవరు ముట్టుకుంటారు వదినమ్మా? ఈ కాలు చూస్తే దెయ్యాలే దారి మార్చుకుంటాయి."

వెర్లిన్ మొగుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. లిస్టన్ గొడ్డలి అంచు బొటనవేలితో చూసుకుంటున్నాడు. వాళ్ళమ్మ వాడి మణికట్టుకి ఎర్రగుడ్డ కట్టేసింది అప్పటికే.

"ఏంటే, మొహం అలా పెట్టావు? పడవ నీ మీద పడుతుందా, నా మీద పడుతుందా?"

"అలా అనకు."

"మరెలా అనను?"

"లిస్టన్, నువ్వు కాకుండా ఇంకెవరైనా నరకకూడదా?"

వాడు నవ్వాడు. నవ్వి, ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు.

"ఏమైంది?"

మాట నాలుక చివర దాకా వచ్చింది. వాడి చెయ్యి చూసింది. గొడ్డలి కామ మీద వేళ్ళు గట్టిగా, నిమ్మళంగా ఉన్నాయి.

"ఏం లేదు," అంది. "ఆకలిగా ఉంది."

"ఊరంతా గొర్రె కూర ఉడుకుతుంటే నీకు ఆకలా? వెళ్ళి తిను. నాక్కూడా ఒక గిన్నె దాచు." వాడు రెండడుగులేసి వెనక్కి తిరిగాడు. "ఉప్పు సరిచూసి దాచు. కిందటిసారి మరీ చప్పగా ఏడిసింది."

వెర్లిన్ అక్కడే ఇసకలో కూర్చుండిపోయింది.

మొదటి ఊత తెగింది. జనం కేకలేశారు. డప్పులు ఊపందుకున్నాయి. పడవ కొంచెం మూలిగింది. కొత్త పడవ మూలగడం మామూలే, అయినా తాళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. డెల్సీ ఆ వరసలో లేదు. దూరంగా, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. జనం మాటిమాటికీ ఆ పిల్లనే చూస్తున్నారు.

తర్వాతి ఊత. ఆ తర్వాతిది. పడవ ఒరుగుతోంది, నీడ వెడల్పవుతోంది, లిస్టన్ ఆ నీడలోకి వంగి వంగి పోతున్నాడు. ఇప్పుడు వాడి వీపే కనిపిస్తోంది. కాసేపటికి అరికాళ్ళే.

ఆఖరి ఊత మీద గొడ్డలి పడింది. ఆ చప్పుడు వేరేలా వినిపించింది. చెక్క తెగిన చప్పుడు కాదు. ఎవరో పళ్ళు బిగించిన చప్పుడు.

పడవ దిగలేదు.

ఆ బరువంతా సగం తెగిన ఆ ఒక్క కొయ్య మీద ఆగింది. గొడ్డలి అందులోనే ఇరుక్కుంది. పడవ అంచు మాత్రం జానెడు కిందికి జారి, లిస్టన్ బయటికి రావాల్సిన సందు మూసుకుపోయింది.

"తాడు బిగించండి," లోపల్నుంచి వాడి గొంతు. అరుపు కాదు. పిల్లలు నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు. "కదపకండి. ఊరికే బిగించి ఉంచండి."

డప్పులు ఆగిపోయాయి. నాలుగు దీవుల జనం అక్కడున్నారు, కెరటం వెనక్కి పోతుంటే గులకరాళ్ళు దొర్లడం వినపడింది.

యుఫీమా నిలబడ్డ చోటే నిలబడి, "పట్టుకున్నాడు," అంది. "ఆయనే పట్టుకున్నాడు. కాళ్ళు లేవడం లేదు ఆయనకి."

డెల్సీ వెర్లిన్ వంక చూసింది. నోరు తెరిచింది.

అంతకన్నా ముందు వెర్లిన్ లేచింది. జనం మధ్యలోంచి పడవ దాకా నడిచింది. ఎవరూ దారివ్వలేదు, ఎవరూ ఆపలేదు కూడా.

"ఉప్పు నేనేశాను," అంది.

వెనకవాళ్ళకి వినపడలేదు. ముందువాళ్ళు వెనక్కి చెప్పారు. మాట తాళ్ళు పట్టుకున్నవాళ్ళ దాకా పాకింది. పెద్దల పళ్ళెంలో ఉప్పు. ఉప్పు గది వాళ్ళ పిల్ల. ఒక ఆవిడ శిలువ గుర్తు వేసుకోవడానికి తాడు మీదనుంచి చెయ్యి తీసింది. పక్కావిడా తీసింది. తాడు వదులైంది, పడవ కిర్రుమంది, ఆ కిర్రు వెర్లిన్ పళ్ళలోంచి వెన్నులోకి దిగింది.

డెల్సీ పరిగెత్తుకొచ్చి తాడు మీద పడింది. "దేవుడికి తర్వాత దండం పెట్టుకోండే," అంది. "ముందు మా అన్నయ్యని పట్టుకోండి." తాడు మళ్ళీ బిగిసింది.

యుఫీమా కోడలి ముందుకొచ్చి నిలబడింది.

"ఎందుకేశావు?"

"మామయ్యకి చప్పిడి సహించదని." ఏడుపు రాలేదు, నోరు ఎండిపోయి ఉంది. "అలవాటుగా వేశాను అత్తయ్యా. ఆయన అడిగినట్టే అనిపించింది."

"అలవాటా?" యుఫీమా ఆ మాటని నోట్లోనే తిప్పి చూసింది. "అంటే బతికుండగా కూడా పెట్టేదానివా?"

"చిటికెడే. ఆయన అడిగితేనే."

"నేను మాన్పించాక కూడా? వాపు తగ్గట్లేదని నేను ఆకులు నూరి కాళ్ళకి కడుతుంటే కూడా?"

వెర్లిన్ తలొంచుకుంది. యుఫీమా చెయ్యి లేచింది. కొడుతుందనే అందరూ అనుకున్నారు, వెర్లిన్ కూడా కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి అత్త పడవ దగ్గరుంది. పాదిరి పక్కన పెట్టుకున్న మంచినీళ్ళ కూజా ఆవిడ చేతిలో ఉంది. సగం ఒరిగిన ఆ చెక్కల మీద అరచెయ్యి వేసి నిలబడింది.

"ముసలోడా," అంది. "నన్ను మోసం చేసి ఉప్పు తిన్నావన్నమాట. ఇద్దరూ కలిసి. ఒకే గదిలో నా వెనకాలే." కూజా మూత తీసింది. "తిన్నావు కదా, నోరెండిపోయి ఉంటుంది. ఇదిగో నీళ్ళు. తాగి, కాళ్ళు తేలికపడ్డాక అవతలికి జరుగు. నీ కొడుకు కింద ఉన్నాడు."

కూజా వంచింది. నీళ్ళు చెక్కల మీద నుంచి జారి ఇసకలోకి దిగాయి. ఇసక వాటిని వెంటనే తాగేసింది. ఏడాది పాటు దాహంతో ఉన్నదేదో తాగినట్టు తాగింది.

"అమ్మా," పొట్ట కిందనుంచి లిస్టన్ గొంతు వచ్చింది. "నాన్న జరిగాడా లేదా, కాస్త తొందరగా చెప్పు."

వెర్లిన్ ఇసకలో బోర్లా పడుకుని సందులో చెయ్యి పెట్టింది. వేళ్ళకి వాడి మడమ తగిలింది. ఆ మడమ వణుకుతోంది.

కొయ్యలో టక్కుమని ఒక చప్పుడైంది. ఆగింది. మళ్ళీ ఇంకోటి. ఇంత జనంలో ఒక్కరూ ఊపిరి తియ్యలేదు, ఆ కొయ్య ఎటు విరుగుతుందో ఎవరికీ తెలియడం లేదు.

ఆ నిశ్శబ్దంలో, సముద్రపు ద్రాక్ష చెట్టు కిందనుంచి ఫిలిబర్ట్ గొంతు సవరించుకుని, ఖాళీ పళ్ళెం మీద గుడ్డ మళ్ళీ కప్పి, గడ్డం తుడుచుకుని, వెర్లిన్‌కి ధైర్యం చెబుతున్నట్టు అన్నాడు:

"నువ్వేం బాధపడకమ్మాయ్, ఉప్పు సరిగ్గానే వేశావు. కోడి కూడా నేనే తిన్నాను, మిరపకాయే కాస్త తక్కువైంది."